మీతో కలిపి

రోజూలాగే ఆ పొద్దునా బల్ల మీద అయిదు కంచాలు పెట్టి, అయిదు గ్లాసుల్లో నీళ్ళు పోసి, "రండి, వడ్డించేస్తున్నాను" అని కేకేసింది కోడలు. ముందు మావయ్య వచ్చారు, వెనకే అత్తయ్య, తర్వాత తువ్వాలుతో తల తుడుచుకుంటూ భర్త, చివరికి మూడుసార్లు పిలిస్తే గానీ కదలని పిల్లలిద్దరూ. వాళ్ళు తింటున్నంతసేపూ ఆమె పొయ్యికీ బల్లకీ మధ్య తిరిగింది. వాళ్ళు లేచాక కూర గిన్నెలోనే ఇంత అన్నం కలుపుకుని, నిలబడే నాలుగు ముద్దలు తింది. కంచం తీస్తే మళ్ళీ కడగాలి. కడిగేది తనే కాబట్టి ఇందులో తనకే లాభమని ఎప్పుడో తేల్చేసుకుంది.

"ఇవాళ కూడా ఊరి మీద పడతావా?" అన్నాడు భర్త చెప్పులేసుకుంటూ. కోపంగా కాదు. ఆయన కోప్పడే మనిషి కాదు, ఏదైనా నవ్వుతూనే అంటాడు. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనొచ్చు, నవ్వుతూ అన్నదాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి పదకొండేళ్ళుగా తెలియలేదు. "కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం నీదొక్కదానిదే చూశాను. సర్లే, నెలాఖరుకి ఆఫీసు మూసేస్తారుగా. అప్పటిదాకా సరదా తీర్చుకో."

"మూస్తే మంచిదే. మీ నాన్నగారికి మందుల వేళ తప్పిపోతోంది," అంది అత్తయ్య ఎవరి వంకా చూడకుండా.

కోడలు రెండిటికీ తలూపింది. మందుల పెట్టె మావయ్య మంచం పక్కన పెట్టి, గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, ఏ గుళిక ఎప్పుడో చీటీ రాసి దానికి అంటించి, సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గరికి లాగింది. మూడో మెట్టు దిగేసరికి ఆమె కాళ్ళు వాటంతట అవే పరుగు అందుకున్నాయి. ఇంత వయసొచ్చి మెట్ల మీద పరుగెడుతున్నానని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన కింది అంతస్తు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. వీధిలోకి మాత్రం రాలేదు.

ఆ వీధే వేరు. బైపాసు రోడ్డుకి అవతల ఉన్న ఈ కొత్త వైపున ఆరేళ్ళ క్రితం ముళ్ళ పొదలూ రెండు ఇటుక బట్టీలూ తప్ప మరేం లేవట. ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెనక గోదాములొచ్చాయి, వాటి వెనక జనం వచ్చారు. ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. వాళ్ళ కోసం ఇళ్ళు లేచాయి, ఆ ఇళ్ళు కట్టడానికి ఇంకొంతమంది జనం వచ్చారు, మళ్ళీ వాళ్ళ కోసం ఇంకొన్ని ఇళ్ళు. పొద్దున తగిలించిన 'అద్దెకివ్వబడును' బోర్డు సాయంత్రానికి ఉండేది కాదు. తలుపులు బిగించకముందే దుప్పట్లు అడ్డం కట్టుకుని దిగిపోయినవాళ్ళున్నారు. పైన స్లాబు పోస్తుంటే కింద పిల్లలకి హోంవర్కు చేయిస్తున్నవాళ్ళున్నారు. టైల్స్ షాపులో పనిచేసే ఆమె భర్తకి ఇదంతా గిరాకీ. ఆమెకి మాత్రం ఇది, ఏమని చెప్పాలి, ఆమెకి ఇదంతా పండగ. మూడేళ్ళ క్రితం తామూ ఇలాగే వచ్చినవాళ్ళే గానీ, అప్పుడు సామాన్ల వ్యాన్ దిగి నేరుగా వంటింట్లోకి నడిచింది. ఊరెలా ఉంటుందో చూడటానికి ఇదిగో, ఈ ఉద్యోగం రావాల్సివచ్చింది.

ఉద్యోగం పేరు గణన సహాయకురాలు. జనం అనేది తలల లెక్కమ్మాయి. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, మనిషికి ఎనిమిది వందల ఇళ్ళు చొప్పున, గుమ్మం గుమ్మం తిరిగి ఒక చిన్న కాగితం నింపాలి. ఎన్ని గదులు, ఎంతమంది మనుషులు, ఎక్కడినుంచి వచ్చారు, వచ్చి ఎన్నాళ్ళయింది, సొంతమా అద్దెకా. పేర్లు అక్కర్లేదు, లోపలికి వెళ్ళక్కర్లేదు. తలుపు ఎవరు తీస్తే వాళ్ళే జవాబు చెప్పాలన్నది నియమం. అంతా కలిపి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో తలుపు సందులోంచి కనబడే లోకం కోసమే ఆమె మెట్లు పరుగెత్తి దిగేది. ఒక మూడు గదుల ఇంట్లో ఫ్యాక్టరీ అమ్మాయిలు ఎనిమిది మంది, అలమరలో ఒక్కో అరకీ ఒక్కో పేరు అంటించుకుని, రెండు షిఫ్టుల్లో నాలుగు మంచాలు పంచుకుంటున్నారు. ఒక కారు షెడ్డులో రిటైరైన మాస్టారు పుస్తకాలతో కాపరం పెట్టారు. పెళ్ళయిన అయిదేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారిన జంట, పదో ఇంటి గోడకి మేకు కొట్టాలా వద్దా అని వాదించుకుంటూ తలుపు తీశారు. వీళ్ళందరి సంగతులూ ఆమె కడుపులో దాచుకుని ఇంటికి తీసుకువెళ్ళేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడక్కపోయినా అవి లోపల కబుర్లాడుకుంటూనే ఉండేవి.

ఆఫీసు కూడా ఇళ్ళ కరువులో దొరికిన ఒక అద్దె ఇల్లే. హాల్లో బల్లలు, పడగ్గదిలో మ్యాపులు, వంటింట్లో పెద్దమేడం. ఎప్పుడో రిటైరవ్వాల్సిన మనిషి, ఈ లెక్క తేలేదాకా ఉంటానని పట్టుబట్టి ఉండిపోయింది. సింకు మీద పలక వేసి దాన్నే టేబుల్ చేసుకుంది. గిన్నెలుండాల్సిన అలమరల్లో కాగితాల కట్టలుండేవి. "చూశారా, ఉద్యోగం చేద్దామని ఇంట్లోంచి బయటపడితే మళ్ళీ వంటింట్లోనే కూర్చోబెట్టారు," అని ఆవిడే జోకు వేసుకునేది.

లెక్క ఎందుకో అందరికీ తెలుసు. ఈ వైపు జనాభా యాభై వేలు దాటితే దీన్ని విడి పట్టణంగా ప్రకటిస్తారు. ఆసుపత్రి వస్తుంది, బడి వస్తుంది, ఈ ఆఫీసు పర్మనెంటు అవుతుంది, పద్నాలుగు మందిలో ఆరుగురికి అందులో ఉద్యోగాలుంటాయి. దాటకపోతే నెలాఖరుకి తాళం. కోడలికి ఆసుపత్రీ కావాలి, బడీ కావాలి. కానీ రాత్రి దిండు మీద తల పెట్టాక ఆమె నిజంగా కోరుకునేది ఆ ఆరులో తానొకతె కావడం. ఆ కోరిక ఎంత పెద్దదంటే దాన్ని పైకి అనుకోవడానికి కూడా భయపడేది. కావాలని ఏదైనా అడిగి చాలా ఏళ్ళయింది. ఈ ఫ్లాటు కొన్నప్పుడు ఒక్కసారి అడిగింది. అత్తయ్యావాళ్ళకి ఒక గది, పిల్లలకి ఒక గది, హాల్లో మేమిద్దరం, మరి నా బట్టలు పెట్టుకోవడానికి ఒక అలమర ఎక్కడ అని. "నీకేం, వంటిల్లంతా నీదేగా," అన్నాడు భర్త నవ్వుతూ. ఆమె బట్టలు ఇప్పటికీ బియ్యం డబ్బా పక్కన సూట్‌కేసులో ఉన్నాయి.

ఆ రోజు ఆఫీసుకి వెళ్ళేసరికి బోర్డు మీద చాక్‌పీసుతో అంకె రాసి ఉంది. నలభై మూడు వేల ఆరు వందల పద్దెనిమిది. చివరి కట్ట కూడా కలిపాక వచ్చిన అంకె అది.

"ఇళ్ళు పదకొండు వేల రెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఇళ్ళు చూస్తే జనం ఎక్కువ ఉండాలి, లెక్క చూస్తే తక్కువొచ్చారు," అంది పెద్దమేడం. "కట్టలు విప్పండి. గంప కింద కోడిపిల్లల్లా ఎక్కడైనా దాక్కున్నారేమో చూద్దాం."

మధ్యాహ్నం దాకా కాగితాలు తిరగేశారు. భోజనాల వేళకి మేడం ఒక కాగితం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చదివింది. "గది ఒకటి. అద్దె. వచ్చి ఎనిమిది నెలలు. మనుషులు సున్నా." కళ్ళజోడు మీదనుంచి చూసింది. "మనుషుల్లేని ఇంట్లో ఎనిమిది నెలలుగా అద్దె కడుతున్నది దెయ్యమా? ఎవరిదమ్మా ఈ కాగితం?"

అందరూ ఘొల్లుమన్నారు. కోడలు తల ఎత్తి చూసింది. రాత తనదే. తప్పులు రాసినవాళ్ళ పేర్లు ఆరుగురి జాబితాలోంచి ముందు కొట్టేస్తారని ఆఫీసంతా అనుకునేదే.

"నాదే మేడం. వెళ్ళి చూసొస్తాను," అంది. అన్నం డబ్బా విప్పకుండానే బయల్దేరింది.

దారంతా తన్ను తాను తిట్టుకుంది. ఇంట్లో అందరూ అనేమాటే నిజమేమో, తనకి లెక్కలు రావేమో. ఆ ఇల్లు గుర్తే. మేడ మీద ఒంటి గది, కుట్టుమిషను చప్పుడు. తలుపు తీసిన ఆవిడ నోట్లో దారం పెట్టుకునే మాట్లాడింది. ఇప్పుడూ అలాగే తీసింది. మెళ్ళో టేపు, వేలికి చిన్న ఇనప టోపీ.

"మొన్న వచ్చి వెళ్ళానండీ. ఇంట్లో ఎంతమంది అంటే మీరు..."

"ఎవరూ లేరన్నాను," అంది టైలరమ్మ దారం తీసి. "నువ్వూ రాసుకున్నావు."

"మీరున్నారు కదా."

"ఉన్నాను. నువ్వడిగింది నా సంగతనుకోలేదు." ఆవిడ కుర్చీ మీది గుడ్డలు తీసి కూర్చోమంది. "అద్దె ఇళ్ళకి ఎన్ని గుమ్మాలెక్కానో నీకేం తెలుసు. ఎవరెవరుంటారంటారు. ఎవరూ లేరండీ, నేనే అంటాను. ఎవరూ లేకుండా ఎలాగమ్మా అని తలుపేసేవాళ్ళు. పద్నాలుగో ఇల్లు ఇది. 'ఎవరూ లేరు' అన్నది నోటికి అలవాటైపోయింది, 'నేనే' అన్నది ఊడిపోయింది. అది సరే, నీ ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని సున్నా ఎలా చుట్టావమ్మాయ్?"

అన్యాయంగా అడగలేదు. కోడలు సున్నా కొట్టేసి ఒకటి వేసింది, పక్కన సంతకం పెట్టింది. మెట్లు దిగుతుంటే మాత్రం ఆ 'ఎలా చుట్టావు' వెంటపడింది. నిజమే, ఎలా చుట్టింది? ఆవిడతో మాట్లాడింది, ఆవిడ చేతి మంచినీళ్ళు తాగింది, ఇంట్లో ఎవరూ లేరంటే నమ్మింది. అబద్ధమనిపించలేదు. కనీసం వింతగా కూడా అనిపించలేదు.

కింది వాటాలో ఒకావిడ వాకిలి తుడుస్తోంది. ఎందుకడిగిందో తనకే తెలియదు, ఆమె దగ్గర ఆగి అడిగింది. "మీ ఇంట్లో ఎంతమందండీ?"

"మొన్న చెప్పానుగా," అంటూ ఆవిడ చీపురు చంకన పెట్టి, కుడిచేతి బొటనవేలితో ఒక్కో వేలి కొసా తాకింది. "మా ఆయన. పెద్దాడు. చిన్నది. మా నాన్న. నలుగురు."

కోడలు ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. నాలుగు వేళ్ళు, నలుగురు మనుషులు. వాటి మీదుగా ఇటునుంచి అటు తిరిగి పని ముగించుకుని పక్కకి తప్పుకున్న బొటనవేలు. ఎన్ని వందలసార్లు చూసింది ఈ లెక్కని. వేళ్ళని చూసింది, అంకె రాసుకుంది. లెక్కపెడుతున్న బొటనవేలిని లెక్కలో వేయాలని ఆవిడకీ తోచలేదు, తనకీ తోచలేదు.

"మీతో కలిపి?" అంది.

"నాతో కలిపా?" ఆవిడ నవ్వింది. "నాతో కలిపితే అయిదు. నేనెలాగూ ఉంటానుగా."

పక్కింటికి వెళ్ళింది. మీతో కలిపి ఎంతమంది? ముగ్గురన్న ఇల్లు నలుగురైంది. ఎదురింటికి వెళ్ళింది. ఆరు ఏడైంది. ఆ మూలింట్లో తలుపు తీసింది మొగాయన, ఆయన మొదట తన్నే లెక్కపెట్టుకున్నాడు కాబట్టి అక్కడ అంకె మారలేదు. ఎనిమిది మంది ఫ్యాక్టరీ అమ్మాయిలూ ఎనిమిదిమందే, వాళ్ళలో ఎవరూ ఎవరికీ వండిపెట్టడం లేదు. ఆ తర్వాతి ఇంట్లో మళ్ళీ ఒకటి పెరిగింది. వీధి చివరికి వచ్చేసరికి పది ఇళ్ళకి ఏడు ఇళ్ళలో ఒక మనిషి అదనంగా తేలింది. మధ్యాహ్నపుటెండ నెత్తిన ఉందని గానీ, అన్నం తినలేదని గానీ ఆమెకి గుర్తులేదు. పగటిపూట తలుపులు తీసేదెవరు? ఆడవాళ్ళే. ఇళ్ళు పదకొండు వేలు. ఆమె మనసులో అంకెలు బియ్యం కడిగినంత సులువుగా కదిలాయి. లెక్కలు రాకపోవడమేమిటి, లెక్క మొత్తం కనబడుతోంది. ఊరు ఊరంతా కనబడుతోంది. ఎవరికీ కనబడనిది తనకే కనబడుతోంది. ఆమె మళ్ళీ పరుగెత్తింది, ఈసారి నడివీధిలో, అందరూ చూస్తుండగా.

ఆఫీసులో మేడం ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపింది. "కాగితం మీద ప్రశ్న మార్చాలంటే పై ఆఫీసు ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకునేసరికి నాకు మునిమనవలు పుడతారు."

"మార్చద్దు మేడం. కాగితం అలాగే ఉండనివ్వండి. అడిగేది మనం. నోటితో అడిగేటప్పుడు ముందు రెండు మాటలు పెడదాం. మీతో కలిపి. అంతే."

"నువ్వంటున్నది ఒక వీధి సంగతమ్మా. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు తమని తాము మర్చిపోతారా?"

"మేడం, మీ ఇంట్లో ఎంతమంది?"

"మా అబ్బాయి, కోడలు, మనవడు. ముగ్గు..." పెద్దమేడం ఆగిపోయింది. తన బొటనవేలు ఉంగరపు వేలి మీద ఉంది. దాన్ని చూసుకుంది. ముప్ఫై అయిదేళ్ళు జనాన్ని లెక్కపెట్టిన మనిషి నెమ్మదిగా ఆ చేతిని కిందికి దించి, "పది రోజులుంది," అంది. "చెప్పులు గట్టివి వేసుకోండి."

ఆ పది రోజులూ ఎలా గడిచాయంటే కోడలు చెప్పలేదు. ఇల్లు ఈసురోమంటుంటే తను ఎగురుతోందని అత్తయ్య రెండుసార్లు అంది. కూరలో ఉప్పు తగ్గిందని భర్త నవ్వుతూ అన్నాడు. చెవిన వేసుకోలేదు. గుమ్మం గుమ్మం దగ్గరా ఆ రెండు మాటలూ అనేసరికి ఆడవాళ్ళ మొహాల్లో ఏదో కదిలేది, దాని కోసం ఆమె ఎదురుచూసేది. కొందరు నవ్వేవాళ్ళు. ఒకావిడ "అవును సుమా" అని గడప మీద కూర్చుండిపోయింది. ఇంకొకావిడ తనని కలిపి చెప్పి, "రాశావా? ఏదీ చూపించు," అని కాగితం లాక్కుని అంకె చూసుకుంది. సాయంత్రం పద్నాలుగు మందీ బోర్డు ముందు చేరి, అంకె తుడిచి రాసినప్పుడల్లా చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టేవాళ్ళు. నలభై ఆరు వేలు. నలభై ఎనిమిది. తొమ్మిదో రోజు నాలుగింటికి మేడం చాక్‌పీసు విరిగిపోయేంత గట్టిగా యాభై వేల నూట రెండు అని రాసింది. ఎవరో ఏడ్చారు. కోడలు పక్కనున్నావిణ్ణి కావలించుకుంది, ఆవిడ పేరేమిటో మూడు నెలల్లో ఎప్పుడూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పదో రోజు మేడం ఆమెని వంటింట్లోకి పిలిచి రెండు కాగితాలు చేతిలో పెట్టింది. ఒకటి ఉద్యోగపు కాగితం. సోమవారం నుంచి, ఎనిమిదింటి నుంచి అయిదింటి దాకా. ఇష్టమైతే రేపటికల్లా సంతకం పెట్టి ఇవ్వాలి. ఆరుగురిలో మొదటి పేరు తనది.

రెండోది ఒక గుమ్మం కాగితం. తన ఇంటిదే. మూడు నెలల క్రితం, మొదటి వారంలో, వంటగట్టు మీద పెట్టుకుని తానే నింపింది. గదులు రెండు. సొంతం. మనుషులు అయిదు.

ఆ అయిదు తన చేతిరాతే. పక్కనెవరూ లేరు, తొందరపెట్టినవాళ్ళు లేరు. తానే అడిగి, తానే చెప్పుకుని, తానే రాసుకుంది.

"నీ ఇంటి కాగితం నువ్వే నింపకూడదు, చెల్లదు," అంది మేడం, ఇంకేమీ అనకుండా. "తలుపు తీసినవాళ్ళు చెప్పాలి, సంతకం పెట్టాలి. మొత్తం పదకొండు వేల ఇళ్ళలో ఇదొక్కటే మిగిలింది. రేపు రెండూ కలిపి తీసుకురా."

ఇంటికి నడుస్తూ ఆమె అత్తయ్య జవాబేమిటో ముందే వినేసింది. ఈ వేళ తలుపు తీసేది అత్తయ్యే. పదకొండేళ్ళ మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోన్లో చుట్టాలతో, "ఇంట్లో అయిదుగురం కదమ్మా, పని తెమలదు." ఎక్కడికైనా బయల్దేరితే, "కారులో అయిదుగురికే చోటు, ఒకళ్ళు ఇంట్లో ఉంటారులే." డాక్టరు గదిలో, షాపులో, పక్కింట్లో, ఎక్కడ లెక్క చెప్పినా అయిదు. ఇవాళ కూడా అయిదే అంటుంది. అననీ. ఆ అన్నదాన్ని ఆవిడ ముందే కాగితం మీద పెట్టి, చూడండి, నేను లేని ఇల్లు ఇదీ అని చూపిస్తుంది. అప్పుడు రెండో కాగితం తీస్తుంది. ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు, ఒక్కటి కూడా తడబడకుండా, వరసగా నిలబడి ఉన్నాయి.

సంచీలో తాళంచెవి ఉన్నా బెల్లు కొట్టింది. తన ఇంటి బెల్లు ఎలా మోగుతుందో బయటినుంచి వినడం అదే మొదటిసారి.

అత్తయ్య తలుపు తీసింది. "తాళం మర్చిపోయావా?"

"లేదత్తయ్యా. ఆఫీసు పని మీద వచ్చాను." అట్ట మీద కాగితం పెట్టి, పెన్ను తీసింది. లోపల బల్ల దగ్గర టీవీ చూస్తున్న భర్త తల తిప్పాడు. పిల్లలు గదిలోంచి తొంగి చూశారు.

"నేను చెప్తాలే," అన్నాడు భర్త లేస్తూ.

"మీరు కాదు. తలుపు తీసినవాళ్ళు చెప్పాలి." ఆమె అత్తయ్య మొహంలోకి చూసింది. "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

ఎనిమిది వందల గుమ్మాల దగ్గర ముందు పెట్టిన ఆ రెండు మాటలూ ఇక్కడ పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

అత్తయ్య ఆమెని వింతగా చూసింది. ఇదేదో సరదా అనుకున్నట్టుంది గానీ, చేయి పైకి వచ్చింది. ముడతలు పడ్డ బొటనవేలు మొదటి వేలి కొస తాకింది. "నువ్వు," అంది. తర్వాతి వేలు. "వాడు." తర్వాత రెండు. "పిల్లలిద్దరు." బొటనవేలు వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి వేలి మీద వాలింది. "మీ మావయ్య. అయిదుగురు."

కోడలి చేతిలో పెన్ను ఆగిపోయింది. కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో ఒక్కటి మిగల్లేదు. అయిదు. అదే అంకె. ఇన్నేళ్ళూ ఆ అయిదులో తను లేనని లోపల్లోపల కుమిలిపోయింది. తను ఉంది, అందరికంటే ముందుంది. కావాలని వల వేసి కూర్చున్నందుకు సిగ్గేసింది.

"మీతో కలిపి చెప్పండత్తయ్యా," అంది.

అత్తయ్య చేతిని చూసుకుంది. ఒకసారి మళ్ళీ లెక్కపెట్టుకుంది, పెదాలు కదిలాయి. "నేనేమిటే. నేనెలాగూ ఉన్నట్టేగా."

"ఉన్నట్టు కాదు. ఉన్నారు."

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎవరితోనో కాదు, తనతోనే చెప్పుకుంటున్నట్టు, "నేనూ నీలాగే గిన్నెలో కలుపుకుని తినేదాన్ని," అంది. "ముప్ఫయ్యేళ్ళు. నువ్వొచ్చాకే కంచం ముందు కూర్చున్నాను." అట్ట మీదికి వంగి కాగితం చూసింది. "ఆరు వెయ్యి. ఎక్కడ పెట్టాలి సంతకం?"

విడివిడి అక్షరాలు, ఒక్కొక్కటీ నిలబడి ఆలోచించుకుని రాసినట్టున్నాయి. కోడలు తడి ఆరేదాకా ఊది, కాగితం మడవకుండా సంచీలో పెట్టుకుని, రెండోది తీసి బల్ల మీద పెట్టింది. కూడబెట్టుకున్న మాటలు పోయాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఊరు యాభై వేలు దాటింది. ఆఫీసు మూయడం లేదు. సోమవారం నుంచి పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాలి. చెబుతూనే పెన్ను తీసి, ఉద్యోగపు కాగితం మీద తన సంతకం పెట్టేసింది.

భర్త నవ్వాడు. ఈసారి ఆ నవ్వు సగంలో ఆగింది. "బాగానే ఉంది. మరి పొద్దున్నే మా అయిదుగురికీ ఎవరు చూస్తారు?"

ఆమె అలమర తీసి కంచాలు లెక్కపెట్టింది. అయిదు కింద ఆరోది ఉంది, మీద దుమ్ము పట్టి. దాన్ని కుళాయి కింద పెడుతూ, గుమ్మాల దగ్గర మాట్లాడే గొంతుతోనే చెప్పింది:

"ఇంట్లో ఆరుగురున్నారండీ. తలుపు తీసినావిడ సంతకం కూడా పెట్టారు."